పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారు

'పడటం' అన్న మాట లేకపోతే మన తెలుగువాళ్లకి నోరు పెగలదు. కష్టపడతాం, బాధపడతాం, భయపడతాం, సిగ్గుపడతాం, అత్తగారి చేత మాటపడతాం. చివరికి ఇష్టపడాలన్నా, సుఖపడాలన్నా కూడా ఎక్కడో ఓ చోట పడక తప్పదు. పైపెచ్చు 'పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారు' అని ఓ సామెత ఓదార్పుగా మన చేతిలో పెట్టారు పెద్దలు. ఎలా పడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పడటానికీ ఓ పద్ధతి ఉందనీ, ముందు అది నేర్చుకున్నాకే ఎదుటివాడి మీద చెయ్యి వెయ్యాలనీ పట్టుబట్టి నేర్పిన మహానుభావుడు ఒకాయన జపాన్‌లో ఉండేవాడు. ఆయన కథా, ఆ విద్య ఊళ్లు తిరిగి, సముద్రాలు దాటి ఇవాళ మన పేటల్లో బోర్డు కట్టుకునేదాకా వచ్చిన కథా చెప్పుకుందాం.

ఇప్పుడు ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, నీకు తెలియనిదుండదు గదా! ఈ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే ఏమిటో కాస్త చెప్పు. మా పిల్ల చేరతానని ఒకటే గొడవ" అంది. నవలలు రాసేవాళ్లకి అన్నీ తెలుసుననేది లోకంలో ఉన్న ఓ అపోహ. ఆ అపోహ మీదే మా బతుకు గనక కాదనలేక, పుస్తకాలు ముందేసుకున్నాను.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే పేరులో ఉన్నట్టే కలగూరగంప. నిలబడి గుద్దటం, తన్నటం ఒక భాగం. ఎదుటివాళ్లని వాటేసుకుని కింద పడెయ్యటం రెండో భాగం. పడ్డాక చెయ్యో మెడో చిక్కించుకుని లొంగదీయటం మూడోది. బాక్సింగూ, థాయిలాండ్ వాళ్ల ముయ్ థాయీ మొదటి భాగానికి. కుస్తీ, జూడోలు రెండో దానికి. బ్రెజిల్ వాళ్ల జుజిట్సు మూడో దానికి. తెలుగులో 2022లో 'లైగర్' సినిమా వచ్చాక ఈ ఆట పేరు మన ఇళ్లలోకి కూడా వచ్చింది. సినిమా హీరోలకేం, ఒక్క పాట పూర్తయ్యేసరికి విద్య అంతా వచ్చేస్తుంది. మామూలు మనుషులకి ఆ పాటలో చూపించని భాగమే అసలు చదువు. ఆ భాగం ఎక్కడ పుట్టిందో చూడాలంటే ఓ బక్కపల్చటి కుర్రాడి దగ్గరికి వెళ్లాలి.

ఆ కుర్రాడి పేరు జిగోరో కానో. పుట్టింది 1860లో, సారా కాచే కలిగిన కుటుంబంలో. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రితో టోక్యో చేరి బళ్లో పడ్డాడు. చదువులో చురుకు, ఒంట్లో పీచు. ఇటువంటి పిల్లల్ని బళ్లో మిగతా పిల్లలు ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. బలం లేనివాడు బలవంతుణ్ణి పడగొట్టే జుజుత్సు అనే విద్య ఒకటుందని విని, నేర్పేవాళ్ల కోసం వెతికాడు. అప్పటికి సమురాయిల కాలం అయిపోయింది. కత్తులు పక్కన పెట్టి కోట్లు తొడుక్కుంటున్న జపాన్‌లో ఆ విద్యని అడిగేవాడే లేడు.

కుర్రాడు మాత్రం ఓ ఉపాయం పన్నాడు. జుజుత్సు గురువుల్లో చాలామంది పొట్టపోసుకోవటానికి విరిగిన ఎముకలకి కట్లు కట్టేవారు. మన పుత్తూరు కట్టు వాళ్ల లాంటి వైద్యులన్నమాట. సరే, ఎముకల వైద్యుల గుమ్మాలన్నీ ఎక్కి దిగితే గురువు దొరక్కపోతాడా అనుకున్నాడు. అలాగే 1877లో ఫుకుదా హచినోసుకే అనే గురువు దొరికాడు. విరగ్గొట్టే విద్యా, అతికించే విద్యా ఒకే ఇంట్లో ఉండేవంటే నాకు ముచ్చటేసింది. ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఫుకుదా గారి బోధనా పద్ధతి మాత్రం కానోకి కొరుకుడు పడలేదు. "ఇప్పుడు నన్ను పడేశారే, అదెలా వేశారు? చెయ్యి ఎటు తిప్పాలి? కాలు ఎక్కడ పెట్టాలి?" అని అడిగితే, ఆయన "ఏదీ, ఇలా రా" అని మళ్లీ పడేసేవాడట. మళ్లీ అడిగితే మళ్లీ. పడగా పడగా అదే తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఒంటినిండా దెబ్బలతో, వాటికి రాసుకున్న లేపనాల వాసనతో కానో తిరుగుతుంటే తోటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లట. మన సంగీతం మాస్టార్లనీ, లెక్కల మాస్టార్లనీ తలుచుకుంటే ఈ పద్ధతి మనకీ కొత్త కాదు.

రెండేళ్లకే ఫుకుదా పోయాడు. కానో వేరే గురువుల దగ్గర శుశ్రూష చేసి, 1882లో టోక్యోలోని ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో తన సొంత బడి పెట్టాడు. పన్నెండు గడ్డిచాపలు పట్టే గది, మొదటి ఏడాది తొమ్మిదిమంది శిష్యులు. ధబాధబా పడుతున్న శిష్యుల దెబ్బకి నేల కుంగిపోతుంటే, రాత్రిపూట దీపం పట్టుకుని గచ్చు కిందకి దూరి గురువుగారే మరమ్మతు చేసేవాడట. ఆ బడి పేరు కోడోకాన్. ఆ విద్యకి ఆయన పెట్టిన పేరు జూడో.

కానో కొత్తగా చేసిందేమిటి? కొత్త పట్లు కనిపెట్టటం కన్నా పెద్ద పనులు మూడు చేశాడని నాకనిపిస్తుంది. మూడూ కొత్తగా చేరినవాళ్ల కోసం చేసినవే.

మొదటిది, పడటాన్ని పాఠం చేశాడు. దాన్ని వాళ్లు 'ఉకెమి' అంటారు. కాలు జారగానే మనం ఏం చేస్తాం? చెయ్యి చాపి నేలని ఆపబోతాం. దాంతో ఒళ్లంతా పడాల్సిన బరువు మణికట్టు మీద పడి అది కాస్తా విరుగుతుంది. బాత్‌రూమ్‌లో జారిన ప్రతి పిన్నిగారి కథా ఇదే. ఉకెమిలో గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా చూసుకుంటారు. వీపు గుండ్రంగా వంచుతారు. చెయ్యంతా బారుగా, అరచేతి నుంచి భుజం దాకా ఒక్కసారిగా చాప మీద చరుస్తారు. అలా చేస్తే దెబ్బ ఒక్కచోట దిగకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. మొదట గొంతుక్కూర్చుని పడతారు, తర్వాత నిలబడి, ఆ తర్వాత ఎవరైనా పడేస్తే. నెదర్లాండ్స్‌లో నైమేఖన్ అనే ఊళ్లో ముసలివాళ్లకి ఈ పడే విద్యనే వ్యాయామంగా నేర్పుతారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన పెద్దవాళ్లని చూసినవాళ్లెవరికైనా ఆ పని విలువ అర్థమవుతుంది.

రెండోది, పాత విద్యలోని ప్రమాదకరమైన దెబ్బల్ని విడదీసి పక్కన పెట్టాడు. వాటిని ముందే అనుకున్న వరసలో, నెమ్మదిగా, నాట్యంలో అడవుల్లా అభ్యాసం చెయ్యమన్నాడు. మిగిలిన వాటితో మాత్రం బలం కొద్దీ పెనుగులాడనిచ్చాడు. అందువల్ల ఇవాళ పెనుగులాడినవాడు రేపు కూడా బడికి రాగలిగాడు. ఆలోచిస్తే ఏ చదువుకైనా ఇంతకన్నా పెద్ద సూత్రం ఏముంది?

మూడోది, తట్టటం. జుజుత్సులో ముందునుంచీ ఉన్న మర్యాదే ఇది. పట్టు బిగిసిందనుకోండి, ఎదుటివాళ్ల ఒంటిమీదో చాప మీదో రెండుసార్లు తడితే చాలు, పట్టు వేసినవాళ్లు ఆ క్షణమే వదిలెయ్యాలి. కానో బడిలో ఇది పెనుగులాటంత ముఖ్యమైన నియమం.

ఇక్కడే నాకు మన భాష మీద ఓ సందేహం వచ్చింది. మనకి తట్టటమూ ఉంది, తట్టుకోవటమూ ఉంది. ఆడపిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పేది రెండోది. తలనొప్పి తట్టుకో, నెలసరి నొప్పి తట్టుకో, మెట్టినింట్లో నాలుగు మాటలంటే తట్టుకో. "ఇక చాలు, వదలండి" అని తట్టటం ఎవరూ నేర్పరు. కొత్తగా ఈ గోదాలోకి దిగే మన పిల్లలకి గుద్దటం కన్నా, తన్నటం కన్నా కష్టమైన పాఠం ఇదేనేమో. నొప్పి దాచుకోవటం గొప్ప అనుకుని పెరిగినవాళ్లు అక్కడా దాచుకుంటారు. ఆ దాచుకోవటం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ చరిత్రలోనే ఉంది. దానికి ముందు ఓ లండన్ ఆవిణ్ణి పరిచయం చెయ్యాలి.

అన్ని విద్యలూ కలిపి నేర్పుదామన్న ఆలోచన ఈనాటిది కాదు. జపాన్‌లో కొన్నేళ్లుండి వచ్చిన బార్టన్ రైట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1899లోనే జుజుత్సునీ, బాక్సింగునీ, ఫ్రెంచి వాళ్ల తన్నుల విద్యనీ, కర్రసామునీ కలిపి, తన పేరులో ముక్క తగిలించి 'బార్టిట్సు' అన్నాడు. షెర్లాక్ హోమ్స్ జలపాతం అంచున శత్రువుని విదిలించుకుని బతికి బయటపడింది ఈ విద్యతోనే. కాకపోతే 1903లో వచ్చిన ఆ కథలో కానన్ డాయిల్ దాని పేరు కాస్త తప్పుగా రాశాడు. బార్టన్ రైట్ క్లబ్బు నాలుగేళ్లయినా నిలవకుండా మూతపడింది గానీ, ఆయన ద్వారా జుజుత్సు రుచి చూసిన ఓ జంట దాన్ని వదల్లేదు. వాళ్లే విలియం, ఎడిత్ గార్రుడ్‌లు. ఉయెనిషి అనే జపాన్ గురువు దగ్గర ఇద్దరూ నేర్చుకున్నారు. 1908లో ఆయన వెళ్లిపోతే ఆ బడి భర్త చేతికి వచ్చింది. ఆడవాళ్లకీ పిల్లలకీ నేర్పే పని భార్యది. ఆవిడ ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు.

అవి ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటు హక్కు కోసం వీధికెక్కిన రోజులు. 1910 నవంబరు 18న పార్లమెంటు ముందు సుమారు మూడొందలమంది స్త్రీలను పోలీసులు గంటల తరబడి ఈడ్చి, తోసి, కొట్టారు. దాన్ని చరిత్రలో 'నల్ల శుక్రవారం' అంటారు. అంతకు ముందే ఎడిత్ ఈ స్త్రీలకి పాఠాలు మొదలుపెట్టింది. ఆ ఏడాదే 'పంచ్' పత్రిక ఓ బొమ్మ వేసింది. అందులో ఒక చిన్న ఆడమనిషి ధీమాగా నిలబడి ఉంటుంది, ఎదురుగా బారెడేసి పోలీసులు బెదిరి వెనక్కి జరుగుతుంటారు.

1913లో మరో చట్టం వచ్చింది. జైల్లో నిరాహారదీక్ష చేసి నీరసించిన స్త్రీని వదిలెయ్యటం, కాస్త కోలుకోగానే మళ్లీ పట్టుకోవటం. పిల్లి ఎలుకని వదిలి పట్టుకున్నట్టుంటుంది గనక జనం దానికి ఆ పేరే పెట్టారు. నాయకురాలు ఎమ్మెలైన్ పాంక్‌హర్స్ట్‌ని అలా మళ్లీ మళ్లీ పట్టుకోకుండా కాపాడటానికి పాతిక ముప్ఫైమంది స్త్రీలతో ఓ రక్షకదళం పుట్టింది. వాళ్లకి గురువు ఎడిత్. గౌన్ల కింద వాళ్లు దాచుకునే ఆయుధం ఏమిటో తెలుసా? 'ఇండియన్ క్లబ్బులు'! మన దేశపు తాలింఖానాల్లో వస్తాదులు తిప్పే చెక్క గదల్ని చూసి ముచ్చటపడి ఇంగ్లీషువాళ్లు తీసుకెళ్లి చేసుకున్న వ్యాయామ సాధనాలవి. మన వస్తాదుల గద లండన్ దొరసాని గౌను కింద దూరి దొరల పోలీసుల్ని బెదిరించిందంటే నవ్వొస్తుంది గానీ, నిజం.

1914 మార్చి 9న గ్లాస్గోలో సభ. వేదిక మీద పూలదండల వెనక ముళ్లతీగ దాచారు. ఎమ్మెలైన్ మామూలు శ్రోతలా టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లింది. పోలీసులు వేదికెక్కబోతే ముళ్లు గుచ్చుకున్నాయి, గదలు లేచాయి. అయినా ఆవిణ్ణి పట్టుకుపోయారు. రక్షకదళం గెలవలేదు. మరి ఆ విద్య ఎందుకు పనికొచ్చినట్టు? నాకు తోచిన జవాబు ఒకటే. ఎడిత్ తన శిష్యురాళ్లకి పోలీసుల్ని ఓడించవచ్చని ఎప్పుడూ ఆశపెట్టలేదు. ఎదుటివాడి బలాన్ని వాడికే తిప్పికొట్టి, విడిపించుకుని, తప్పించుకోవటం నేర్పింది. గాజు కిటికీలు పగలగొట్టి వచ్చిన స్త్రీలు ఆవిడ బడిలోకి పరిగెత్తుకొచ్చి, రాళ్లూ సుత్తులూ చాపల కింద దాచి, బట్టలు మార్చుకుని పాఠం చేస్తూ నిలబడేవాళ్లట. పోలీసులొచ్చేసరికి అంతా బుద్ధిగా వ్యాయామం! ఈ సంగతి ఆవిడ తొంభై దాటాక కూడా నవ్వుతూ చెప్పింది. 1918లో ముప్ఫై దాటిన స్త్రీలకీ, 1928లో మగవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది. ఎడిత్ తొంభై తొమ్మిదేళ్లు బతికి 1971లో పోయింది.

ఈ విద్య మన దేశానికీ ఆ రోజుల్లోనే వచ్చింది. రవీంద్రనాథ్ టాగూరు 1929లో కోడోకాన్ నుంచి షింజో తకాగాకి అనే గురువుని శాంతినికేతన్‌కి రప్పించాడు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలూ నేర్చుకున్నారు. అమర్త్యసేన్ తల్లి అమితాసేన్ అక్కడ జూడో నేర్చుకున్న అమ్మాయే. వందేళ్ల కిందటి మాట. ఇవాళ మా చెల్లెలు "ఆడపిల్లకిదేమిటక్కా" అంటే నేను శాంతినికేతన్ పేరే చెప్పాను.

కానో శిష్యుల్లో మరో ఆయన, మిత్సుయో మయెదా, 1904లో జపాన్ వదిలి దేశాల మీద పడ్డాడు. కనిపించిన బాక్సరుతోనూ కుస్తీ వస్తాదుతోనూ తలపడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడు నేర్చుకున్నాడు. అతని తమ్ముడు ఎలియో బక్కవాడు. అందుకని బలం తక్కువ పడేలా, నేల మీద పడుకుని కూడా గెలిచేలా ఆ విద్యని మలిచాడు. బ్రెజిల్ జుజిట్సు అంటే అదే.

ఈ ఎలియో 1951 అక్టోబరులో రియోలోని మరకానా స్టేడియంలో, తనకన్నా ఎంతో బరువైన జపాన్ జూడో వీరుడు కిమూరాతో తలపడ్డాడు. కిమూరా అతని చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. ఎలియో తట్టలేదు. చెయ్యి విరిగింది. అయినా తట్టలేదు. చివరికి గట్టు మీదున్న అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆట ఆపించాడు. ఓడినవాళ్లే ఆ పట్టుకి గెలిచినవాడి పేరు పెట్టుకున్నారు. ఇవాళ్టికీ దాన్ని 'కిమూరా' అంటారు.

వినటానికి వీరగాథే. కానీ ఈ కథని కొత్తగా చేరిన పిల్లకి మొదటిరోజే చెప్పే గురువుంటే ఆయన దగ్గర్నుంచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వచ్చెయ్యాలి. ఎలియోకి పేరుంది, చూసేందుకు స్టేడియం ఉంది. మన పిల్లకి మర్నాడు పరీక్ష ఉంది. విరిగిన చెయ్యి కీర్తి తేదు, కట్టు తెస్తుంది. ఆ రోజు నా మనసులో వీరుడు ఎలియో కాదు, తువ్వాలు విసిరిన అన్న. పక్కన అలాంటి మనిషొకరుండాలి.

ఎలియో కొడుకుల్లో ఒకరు అమెరికా వెళ్లి, ఏ విద్య గొప్పదో తేల్చటానికి మరికొందరితో కలిసి 1993 నవంబరు 12న డెన్వర్‌లో ఓ పోటీ పెట్టించాడు. అదే యుఎఫ్‌సి. బరువుల తేడా లేదు, కాలపరిమితి లేదు. కొరకకూడదు, కళ్లు పొడవకూడదు లాంటి రెండు మూడు నియమాలు తప్ప ఇంకేం లేవు. మొదటి పందెంలోనే ఒకాయన పన్ను ఊడి జనంలో పడింది. ఒక బాక్సరు ఒక చేతికి మాత్రం గ్లోవు తొడుక్కుని వచ్చి, కింద పడగానే ఏం చెయ్యాలో తెలియక తట్టేశాడు. అందరూ నవ్వారు. నాకైతే ఆ సాయంత్రం తెలివైన పని చేసింది ఆయనేననిపిస్తుంది. తెలియని నీళ్లలో దిగాక ఒడ్డుకి రావటానికి సిగ్గెందుకు? గెలిచింది ఎలియో మరో కొడుకు రాయిస్. అతనూ పెద్ద కండలవాడు కాదు.

1996లో సెనేటర్ జాన్ మెకెయిన్ ఇది మనుషుల కోడిపందెమని, దీన్ని నిషేధించమని రాష్ట్రాల గవర్నర్లందరికీ ఉత్తరాలు రాశాడు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పందెపు బరులు చూసినవాళ్లకి ఆ మాట బాగానే అర్థమవుతుంది. ఆ దెబ్బతో నిర్వాహకులు దారికొచ్చారు. గ్లోవులు, బరువుల తరగతులు, రౌండ్లు, పక్కనే డాక్టరు వచ్చాయి. 2000లో న్యూజెర్సీలో ఆ నియమాలన్నీ ఒక కొలిక్కి వచ్చాయి. వంద ఏళ్ల కిందట కానో తన బడిలో చేసిన పనినే వీళ్లు కోర్టుల భయంతో, జనం తిట్లతో నేర్చుకున్నారన్నమాట.

ఆడవాళ్లకి ఆ గోదా 2013 దాకా తెరుచుకోలేదు. తెరిచింది రోండా రౌసీ. ఆమె తల్లి ఆన్‌మరియా డి మార్స్ 1984లో ప్రపంచ జూడో విజేత. కూతుర్ని పొద్దున్నే పక్క మీదికి దూకి, చెయ్యి మెలిపెట్టి నిద్రలేపేదట. మన ఇళ్లలో నీళ్లు చల్లి లేపినట్టు! రోండా 2008 ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చి, తర్వాత ఈ ఆటలోకి వచ్చి వరసగా 12 పందేలు గెలిచింది. చాలావరకు తల్లి నేర్పిన ఆ ఒక్క చేతి పట్టుతోనే. 2015 నవంబరులో మెల్‌బోర్న్‌లో, బాక్సింగ్ నుంచి వచ్చిన హోలీ హోమ్ ఆమెని దగ్గరకి రానివ్వకుండా నిలబెట్టి కొట్టి, రెండో రౌండులో తలకు తగిలిన ఒక్క తన్నుతో పడగొట్టింది. ఒక్క కూరే అద్భుతంగా వండేవాళ్లకి విస్తరి నింపమంటే ఏమవుతుందో అదే అయింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. జూడో ఆడే చిన్న వయసు నుంచే తలకి ఎన్నో దెబ్బలు తగిలాయనీ, వాటిని ఎవరికీ చెప్పకుండా దాచుకుంటూ వచ్చాననీ 2024లో వచ్చిన తన పుస్తకంలో రోండా రాసింది. ప్రపంచంలోకెల్లా గట్టి ఆడపిల్ల అని పేరుపొందిన మనిషి కూడా చేసింది మనందరం చేసేదే. తట్టుకుంది.

ఇంతకన్నా బాధ కలిగించేది జపాన్ సంగతి. పడటాన్ని చదువుగా చేసిన ఆ దేశంలోనే, 1983 నుంచి మూడు దశాబ్దాల లోపు బళ్లలో జూడో నేర్చుకుంటూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువగా తలకు తగిలిన దెబ్బలతో, అందులోనూ చేరిన మొదటి ఏడాది పిల్లలే ఎక్కువ. ఉకెమి సరిగ్గా రాని పిల్లల్ని సీనియర్లు పదే పదే పడెయ్యటం, తల తిరుగుతోందన్నవాణ్ణి "ఓర్చుకో" అని మళ్లీ నిలబెట్టటం. తలలో ఒకసారి అదురు పుట్టాక, అది మానకముందే రెండోసారి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, బిడ్డలు మంచాన పడ్డ తల్లిదండ్రులు ఒక సంఘంగా కలిసి నిలదీశారు. 2012లో అక్కడి మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధవిద్యలు తప్పనిసరి చేస్తున్నారనేసరికి దేశమంతా ఈ చర్చ లేచింది. గురువులకి శిక్షణ, తల దెబ్బల మీద నియమాలు అప్పుడు బిగించారు. కానో మొదటి పాఠంగా పెట్టినదాన్ని, ఆయన దేశమే తల్లుల కన్నీళ్లతో రెండోసారి చదువుకోవాల్సి వచ్చింది.

అయితే పిల్లల్ని పంపవద్దంటారా అని అడుగుతారేమో. నేనలా అనను. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పూజా తోమర్ యుఎఫ్‌సిలో అడుగుపెట్టిన తొలి భారతీయ మహిళ. 2024 జూన్‌లో మొదటి పందెమే గెలిచింది. ఆమె ఈ ఆటలోకి వచ్చేముందు ఏళ్ల తరబడి వుషు అనే చైనా విద్య నేర్చుకుంది. అందరూ పూజలు కానక్కర్లేదు. ఒంటికి చురుకూ, మనసుకి ధైర్యమూ వస్తే అదే పదివేలు.

పంపేముందు మాత్రం ఆ బడికి మీరే వెళ్లి ఓ గంట కూర్చోండి. కొత్తవాళ్లకి మొదటి వారాల్లో పడటం నేర్పుతున్నారా, లేక వచ్చినరోజే గ్లోవులు తొడిగి ఎవరి మీదికో తోస్తున్నారా చూడండి. ఒకరు తట్టగానే రెండోవాళ్లు వదులుతున్నారా, మరికాస్త బిగించి నవ్వుతున్నారా చూడండి. నలభై అయిదు కిలోల పిల్లని డెబ్భై కిలోల కుర్రాడితో జత కడుతున్నారా గమనించండి. తలకి దెబ్బ తగిలితే ఏం చేస్తారని గురువుని అడగండి. ఆ పూటకి ఆపి, డాక్టరు సరేననేదాకా రానివ్వం అంటే ఆయన దగ్గర చేర్పించండి. "హెల్మెట్ ఉందిగా అమ్మా" అంటే లేచి రండి. హెల్మెట్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ, లోపల మెదడు అదరకుండా ఆపలేదు.

పిల్లకి చెప్పాల్సినవి ఇంకొన్ని. గాజులు, చెవిదిద్దులు, ముక్కుపుడక తీసి వెళ్లాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. పళ్లకి తొడుగు కొనుక్కోవాలి, ఎవరిదీ అరువు తీసుకోకూడదు. చాప మీది చెమటతో తామర అంటుకుంటుంది గనక ఇంటికి రాగానే స్నానం. మొదట్లో వారానికి రెండు మూడు రోజులు చాలు. మిగతా రోజులు ఒంటికి విశ్రాంతి. బరువు తగ్గాలని అన్నం మానెయ్యటం పనికిరాదు. వీధిలో ఎవరైనా వెంటపడితే నేర్చుకున్న పట్టు పరీక్షించటం కాదు, విడిపించుకుని పరిగెత్తటం మొదటి విద్య. ఎడిత్ గార్రుడ్ శిష్యురాళ్లు కూడా చాపల మీదికే పరిగెత్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. అది గురువు నేర్పలేడు, ఇంట్లో మనమే నేర్పాలి. పిల్ల క్లాసు నుంచి వచ్చి "అమ్మా, ఇక్కడ నొప్పిగా ఉంది" అన్నప్పుడు, "అప్పుడే చెప్పాను, విన్నావా? ఆడపిల్లకెందుకివన్నీ" అని విరుచుకుపడ్డామా, మరోసారి ఆ పిల్ల నొప్పి చెప్పదు. దాచుకుంటుంది. "ఎక్కడమ్మా?" అని ఒక్కమాట అడిగి, దీపం దగ్గర కూర్చోబెట్టి చూస్తే, రేపు గోదాలోనూ, ఎల్లుండి అత్తవారింట్లోనూ కూడా సమయానికి తట్టగలుగుతుంది.